తొక్కితే కళ్ళకద్దుకునే యంత్రం

ప్రపంచం మొత్తం ఒక పల్లెటూరు అయిపోయిందని టీవీలో పెద్దమనుషులు చెబుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అయింది సరే, ఆ పల్లెటూళ్ళో మన ఇల్లు ఏ వీధిలోకి వచ్చిందో ఒక్కరూ చెప్పరు. మా మేడమీది కమలాకుమారి గారి ఉద్యోగం సంగతి తెలిశాక నాకు అడ్రసు దొరికింది. మనది పనివాళ్ళు వచ్చిపోయే వెనక వీధి.

కమలాకుమారి గారిది శ్రీకాకుళం వైపు. భర్త అప్పారావు గారు సైన్యంలో హవల్దారుగా ఉండి, కొత్తగా చేరిన కుర్రాళ్ళకు డ్రిల్లు నేర్పేవారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ ఆయన వెనకాలే కంటోన్మెంట్లన్నీ తిరిగింది. ఆయన రిటైరయ్యాక జనక్‌పురిలో మా పై పోర్షన్‌లో అద్దెకు దిగారు. ద్వారకలో ఓ అపార్టుమెంట్ల గేటు దగ్గర ఆయన సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేరారు. కొన్నాళ్ళకి ఆ గేటుకి కారు నంబరు చదివి తనంతట తానే పైకి లేచే కర్ర ఒకటి పెట్టారు. అది ఏ దేశంలో తయారైందోగాని దానికి టీ అక్కర్లేదు, సెలవు అక్కర్లేదు. అప్పారావు గారిని ఇంటికి పంపేశారు. ఆయన ఇంట్లోంచి కదలకుండా కూర్చుని, వీధిలో పోయే ప్రతి కారు నంబరూ పైకి చదివేవారు, నేను మాత్రం చదవలేనా అన్నట్టు.

సరిగ్గా అప్పుడే వాళ్ళమ్మాయి భవ్యశ్రీ గ్రేటర్ నోయిడాలో నర్సింగులో చేరింది. పెన్షను ఇంటద్దెకీ తిండికీ సరిపోతోంది, చదువు దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తోంది. కమలాకుమారి గారు ఏదో ఒక పని చేస్తే తప్ప పిల్ల చదువు సాగదు. కానీ ఆవిడ పదో తరగతి దాటలేదు. హిందీ వచ్చు, వంట వచ్చు, ఇల్లు అద్దంలా ఉంచడం వచ్చు. ఒకరింట్లో అంట్లు తోమడానికి మాత్రం అప్పారావు గారి మీసం ఒప్పుకోదు.

అలాంటి సమయంలో ఆవిడ ఫోనుకి ఓ ప్రకటన వచ్చింది. "ఇంటిపని బాగా వచ్చిన మహిళలు కావలెను. ఎవరి ఇంట్లోనూ పని చేయనక్కర్లేదు."

ఇదేదో మోసమని నేను గట్టిగానే చెప్పాను. ఆవిడ వినలేదు. బ్లూ లైన్ మెట్రో ఎక్కి నోయిడా వెళ్ళి, సాయంత్రానికి ఉద్యోగంతో తిరిగొచ్చింది. అక్కడి మేనేజరు గుంటూరు కుర్రాడట, పేరు వరప్రసాద్. తెలుగావిడ దొరికిందని మహా సంబరపడ్డాడట.

"మీరేం చేయక్కర్లేదు ఆంటీ," అన్నాడట అతను. "నుదుటికి ఈ చిన్న కెమెరా కట్టుకుని మామూలుగా ఇంటిపని చేస్తా ఉండండి. మీ చేతులెట్టా తిరుగుతున్నాయో అది చూస్తది. అది చూసి మరమనిషి నేర్చుకుంటది. ఆ మరమనిషి పైదేశాల్లో వాళ్ళిళ్ళల్లో పని చేస్తది."

"అంత తిరుగుడు ఎందుకు బాబూ? నన్నే పంపీయొచ్చు గదా?"

"మీకు వీసా ఇవ్వరాంటీ. మీ చేతి పనితనానికి వీసా అక్కర్లేదు."

ఆ మాట నాకు చెబుతూ ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కానీ నెల తిరిగేసరికి భవ్యశ్రీ ఫీజు కట్టేశారు. అప్పారావు గారు కార్ల నంబర్లు చదవడం మానేశారు. ఇక నేను మాత్రం ఏమంటాను?

ఆ పని చేసేచోటు ఒక బేస్‌మెంటు. అందులో పైదేశపు ఇల్లొకటి కట్టారు. చెక్క నేల, తెల్ల వంటగది, నిప్పు లేని నిప్పుగూడు. కిటికీ అవతల మంచు కురుస్తున్న బొమ్మ అతికించి వెనక ట్యూబ్‌లైటు పెట్టారు. బయట నోయిడాలో రోడ్లు కరిగిపోతుంటే లోపల ఏసీ చలికి ఆడవాళ్ళందరూ శాలువాలు కప్పుకుని గిన్నెలు కడిగేవారు. సోఫా మీద దూది కూరిన కుక్క ఒకటి ఉంది. కుక్కని నిమరడం కూడా డ్యూటీలో భాగమే. కమలాకుమారి గారికి కుక్కలంటే భయం. మొదటివారం దూది కుక్కని కూడా దూరం నుంచి కర్రతో నిమిరింది. అలా అయితే మరమనిషి నిజం కుక్కల్ని కర్రతో కొడుతుందని వరప్రసాద్ కర్ర లాక్కున్నాడు.

అన్నిటికన్నా విడ్డూరం దుమ్ము. నోయిడా దుమ్ము పనికిరాదట. ఇక్కడ తలుపు తెరిస్తే వచ్చే దుమ్ము చూసి నేర్చుకుంటే ఆ యంత్రం అక్కడి ఇళ్ళల్లో దుమ్మే లేదనుకుని చేతులు కట్టుకు కూర్చుంటుందట. అందుకని పొద్దున్నే కొందరు మన దుమ్మంతా శుభ్రంగా తుడిచేసేవారు. ఆ తర్వాత ఎంబీఏ చదివిన ఒకాయన వచ్చి, డబ్బాలోంచి పైదేశపు దుమ్ము తీసి, బల్లల మీద ముగ్గుపిండిలా సన్నగా చల్లేవాడు. కడిగిన ప్లేట్లకి టమాటా సాసు పూసేవాడు. నేల మీద ఉత్తరాలు, పిల్లల పుస్తకాలు, పేపర్లు చెల్లాచెదురుగా పడేసేవాడు. అది ఆయన ఉద్యోగం. ఆయన్ని చూసి కమలాకుమారి గారు తెగ జాలిపడేది.

"అంత చదూకుని పొద్దస్తమానం ఇల్లు పాడుచేయడమే పనండీ, సుభద్రమ్మగారూ. వాళ్ళమ్మకి తెలిస్తే ఏటనుకుంటాది?"

ఆవిడ పని మాత్రం అందరికీ నచ్చింది. తువ్వాళ్ళు ఆవిడ మడిచినట్టు ఎవరూ మడవలేదు. ఆవిడ చేతి పనితనమే మూలంగా పెట్టుకుని మొదటి విడత మరమనుషులు తయారై ఓడెక్కి వెళ్ళిపోయాయి. వరప్రసాద్ మిఠాయి పంచాడు. ఇకనుంచి సముద్రాల అవతల ఎక్కడో ఒక ఇంట్లో తువ్వాళ్ళు శ్రీకాకుళం మడతలో ఉంటాయని అప్పారావు గారు మా ఇంటికొచ్చి మరీ చెప్పారు.

తర్వాత ఫిర్యాదులు మొదలయ్యాయి.

ఆ దేశంలో ఒక ముసలాయన ఇంట్లో యంత్రం వాకిట్లో పడున్న పిజ్జా కరపత్రం తొక్కింది. తొక్కి ఆగింది. వంగి, ఆ కాగితాన్ని కుడిచేత్తో తాకి, ఆ చెయ్యి తెచ్చి తన రెండు కెమెరా కళ్ళకీ ఆనించుకుంది. ముసలాయన హడలిపోయి, యంత్రం ఏడుస్తోందని కంపెనీకి ఫోను చేశాడు. ఇంకొకరి ఇంట్లో ఒక పిల్లవాడు బొమ్మల పుస్తకాలన్నీ నేలంతా పరిచి పెట్టాడు. యంత్రం ఒకటి తొక్కి కళ్ళకద్దుకుని, లేచి అడుగేసి ఇంకొకటి తొక్కి, మళ్ళీ కళ్ళకద్దుకుని, అలా ఆ గది దాటేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికి దాని కళ్ళనిండా, పుస్తకాల మీంచి వేళ్ళకంటిన జామ్. దారి కనపడక వెళ్ళి అక్వేరియంలో చెయ్యి పెట్టింది.

మూడు దేశాల ఇంజనీర్లు కూర్చుని ఆ లోపం ఎక్కడుందో వెతికారట. మోకాలి స్ప్రింగులు మార్చారు. కళ్ళు మార్చారు. కంట్లో ఏదో పడితే తుడుచుకుంటోందని ఒకాయన పెద్ద నివేదిక రాశాడు. చివరికి వరప్రసాద్ పాత వీడియోలు ఒక్కొక్కటే చూస్తూ కూర్చుంటే, ప్రతి వీడియోలోనూ నేల మీది పేపరుకి కాలు తగలగానే కింద నుంచి ఓ గాజుల చెయ్యి వచ్చి, పేపరుని తాకి, కెమెరా వైపు లేచి, తెర చీకటైపోతోంది. ఒక్క కమలాకుమారి గారి వీడియోల్లోనే కాదు. బెంగాలీ ఆవిడ, బీహారు ఆవిడ, మలయాళీ ఆవిడ, అందరివీ అంతే. అతనికి అందులో తప్పేమీ కనపడలేదట. రెండోసారి చూస్తే గాని అర్థం కాలేదు. అతనూ చిన్నప్పుడు గుంటూరులో కాలికింద పడ్డ ప్రతి కాగితమూ కళ్ళకద్దుకుని పెరిగినవాడే కదా.

యంత్రాలు అమ్మే అవతలి కంపెనీ తేల్చి చెప్పేసింది. ఈ అలవాటు మాన్పించండి. మాన్పించలేకపోతే ఆ అలవాటు లేని ఇంకో బీదదేశం వెతుక్కుంటాం. బీదదేశాలకేం కరువా?

కమలాకుమారి గారు ఆ సాయంత్రం మెట్లెక్కలేక మా గుమ్మంలోనే కూలబడింది. "ఈ పని పోతే పిల్ల చదువు మధ్యలో ఆగిపోతాదండీ," అంది. "నేనేటి కావాలని చేస్తన్నానా? చెయ్యి దానికదే ఎల్లిపోతాది."

నేను ఏదో ఓదార్చబోయాను. పైనుంచి దిగొచ్చిన అప్పారావు గారు అడ్డం వచ్చారు. "చెయ్యి దానికదే వెళ్ళడం ఏటి? దేశం నలుమూలల నుంచీ వచ్చిన కుర్రాళ్ళ కాళ్ళూ చేతులూ ఒక్క మాట మీద నడిపించినోడిని నేను. నాకొదిలీ."

మర్నాటి నుంచి మా నెత్తిన పెరేడు మొదలైంది. వాళ్ళ హాల్లో నేలంతా పాత పేపర్లు పరిచారు. కమలాకుమారి గారు చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఒక చివర నిలబడితే, ఆయన రెండో చివర కర్ర పట్టుకుని అరిచేవారు. "సావధాన్! ఆగే బఢ్! చెయ్యి కిందికి! కిందికన్నానా!" ఆవిడ పేపరు మీద అడుగేసేది. చెయ్యి సగం దాకా వచ్చేది. "జైసే థే!" అని ఆయన కేక. అంటే మొదటికి రమ్మని. ఆవిడ మళ్ళీ మొదటికి. మా సీలింగు ఫ్యాను ఊగేది.

ఓ ఆదివారం భరించలేక పైకెళ్ళాను. అప్పారావు గారు ఎర్రగా కందిపోయి ఉన్నారు. "చూడు, ఇలా!" అని స్వయంగా కవాతు చేసుకుంటూ వచ్చి ఒక పేపరు మీద ధనాలున కాలు వేశారు. ఆ మరుక్షణం ఆయన చెయ్యి కిందికి పోయి పైకొచ్చి కళ్ళని తాకింది. ముగ్గురం చూశాం. ఆయన కాసేపు గోడ వైపు తిరిగి నిలబడ్డారు. "ఇది తెలుగు పేపరు," అన్నారు చివరికి. "ఇంగ్లీషుది తెండి." ఇంగ్లీషుది తెచ్చాం. అదీ అంతే. అసలు అక్షరమే లేకపోతే సరి కదా అని నేను తెల్లకాగితం పరిచాను. తెల్లకాగితం మాత్రం సరస్వతి కాదా అని భార్యాభర్తలిద్దరూ ఒకేసారి నన్ను అడిగారు. నేను తొక్కి చూపించబోయి నేనూ ఓడిపోయాను. సిగ్గుపడాలో గర్వపడాలో తెలియక కాఫీ తాగి దిగొచ్చాను.

దారి కనిపెట్టింది కమలాకుమారి గారే. ఒక రోజు పొద్దున్న కెమెరా పెట్టుకోకముందే ఆ దొంగ ఇంటి నేల మీదున్న ప్రతి పేపరునీ, ప్రతి పుస్తకాన్నీ, ప్రతి ఉత్తరాన్నీ వరసగా తాకి కళ్ళకద్దుకుంది. రోజంతా తొక్కబోయేవాటన్నిటికీ ముందే హోల్‌సేలుగా దణ్ణం. ఆ తర్వాత కెమెరా కట్టుకుని నడిస్తే చెయ్యి కదల్లేదు. బాకీ ముందే తీరిపోయింది కదా, ఇంక చేతికేం పని? మిగతా ఆడవాళ్ళూ అదే పట్టారు. పొద్దున్నే అందరూ ఆ చెక్కనేల మీద వంగి దణ్ణాలు పెట్టుకుంటుంటే, దుమ్ము చల్లే ఎంబీఏ ఆయన డబ్బా పక్కనపెట్టి తనూ ఒక చెయ్యి వేసేవాడట.

పాత వీడియోలు పారేసి కొత్తవాటితో యంత్రానికి మళ్ళీ నేర్పారు. అది చూడ్డానికి అవతలి దేశం నుంచి ఒక పెద్దావిడ విమానంలో వచ్చింది. కమలాకుమారి గారు ఆవిణ్ణి దొరసానమ్మ అనేది. బేస్‌మెంటు ఉంచాలో ఎత్తేయాలో ఆవిడ చేతిలో ఉంది. మా అందరికీ ఆ సంగతి తెలుసు. ఆ రోజు నేను ఆఫీసులో ఒక్క ముక్క పని చేయలేదు.

యంత్రం నడిచింది. పేపరు తొక్కింది, ఆగలేదు. పుస్తకం తొక్కింది, ఆగలేదు. నిఘంటువు అంత లావుపాటి పుస్తకం మీద నిలబడి దీపం తుడిచింది. చూస్తున్న ఆడవాళ్ళకి ఒక పక్క ప్రాణం చివుక్కుమంటోంది, ఇంకో పక్క పని నిలిచిందని ఆనందం. దొరసానమ్మ చప్పట్లు కొట్టింది. అందరూ యంత్రంతో ఫొటో దిగుదామంది. ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. యంత్రం వచ్చి వాళ్ళ మధ్య చోటు చేసుకోబోతూ కమలాకుమారి గారి కాలు తొక్కింది.

తొక్కి ఆగింది. వంగింది. ఆవిడ పాదాన్ని తాకి ఆ చెయ్యి కళ్ళకద్దుకుంది.

కాగితాలు తొక్కే వీడియోలన్నీ మార్చారుగాని, ఇరుకు వంటగదిలో ఆడవాళ్ళు ఒకరి కాలు ఒకరు తొక్కుకున్నవి మార్చాలని ఎవరికీ తట్టలేదు. వరప్రసాద్ మొహంలో నెత్తురు చుక్క లేదు. కమలాకుమారి గారు మాత్రం, ఎవరైనా కాలికి దణ్ణం పెడితే పెద్ద ముత్తైదువ ఏం చేస్తుందో అదే చేసింది. దాని ఇనప నెత్తి మీద చెయ్యి వేసి, "చల్లగా ఉండు నాయనా, నూరేళ్ళు బతుకు," అంది. ఈ ఆడవాళ్ళందరి పనీ రేపు తినేసే యంత్రాన్ని పట్టుకుని నూరేళ్ళు బతకమంది. ఆ సంగతి విన్నప్పుడు నాకు ఆవిడ మీద కోపమూ వచ్చింది, ఆవిడంటే ప్రేమా పుట్టింది.

"ఇదేమిటి?" అంది దొరసానమ్మ.

"క్షమాపణండీ," అన్నాడు వరప్రసాద్ ఇంగ్లీషులో, అబద్ధం దొరక్క.

ఆవిడ ఆలోచించింది. ఆవిడకి నచ్చింది. తప్పు చేస్తే వంగి క్షమాపణ అడిగే యంత్రమంటే అక్కడ జనం ఎగబడి కొంటారంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడావిడ ఇంకో మాట అంది. క్షమాపణ డబ్బు పెట్టి కొన్న యజమానికి చెప్పాలిగాని, ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఎందుకు? పార్సిలు తెచ్చినవాడికీ, తోట పనివాడికీ, గది ఊడ్చే మనిషికీ వంగుతూ కూర్చుంటే పని ఎప్పుడవుతుంది? ఎవరికి వంగాలో ఎవర్ని తొక్కి వెళ్ళిపోవాలో యంత్రానికి తెలియాలి. అది మీరు నేర్పండి.

దానికోసం టోపీలు తెప్పించారు. నీలం టోపీ పెట్టుకున్నవాళ్ళు యజమానులు. పసుపు టోపీవాళ్ళు మిగతా జనం. నీలం కాలు తొక్కితే కళ్ళకద్దుకోవాలి. పసుపు కాలు తొక్కితే చూడకుండా పోవాలి.

నీలం సులువుగానే అయిపోయింది. పసుపు దగ్గర బండి ఆగింది. కమలాకుమారి గారు పసుపు టోపీ పెట్టుకున్న బీహారు ఆవిడ కాలు తొక్కింది, చెయ్యి వెళ్ళిపోయింది. మళ్ళీ తొక్కింది, మళ్ళీ వెళ్ళింది. పోనీ ముందస్తు దణ్ణం పెట్టేద్దామని పొద్దున్నే వెళ్ళి ఆవిడ కాళ్ళు తాకబోతే, "అరే దీదీ, మీరు పెద్దవాళ్ళు, నాకు పాపం," అని ఆవిడ ఈవిడ కాళ్ళ మీద పడింది. దానికి ఈవిడ మళ్ళీ వంగింది. పక్కవాళ్ళు ఇద్దర్నీ లేపబోయి వాళ్ళ కాళ్ళు తొక్కి వాళ్ళూ వంగారు. ఆ పూటంతా ఆ బేస్‌మెంటులో ఎవరూ నిటారుగా నిలబడలేదు. కాగితం తిరిగి దణ్ణం పెట్టదు కాబట్టి సరిపోయింది. మనుషులతో ఆ హోల్‌సేలు సాగలేదు.

వరప్రసాద్ తల పట్టుకున్నాడు. "ఆంటీ, ప్లీజ్. ఒక్కసారి తొక్కి ఎళ్ళిపోండి. ఎనక్కి చూడమాకండి. మీ ఒక్కళ్ళ కోసం కాదు, అందరి పనీ పోద్ది."

"తొక్కగలను బాబూ. ఎల్లిపోడమే రావడం లేదు," అంది ఆవిడ.

ఇంటికొచ్చి ఆవిడ అది చెబితే విని నేను నవ్వాను. దేశంలో ఆ విద్య తెలిసినవాళ్ళకి కొదవా? గుర్‌గావ్‌లో ఏ గేటు లోపలికి వెళ్ళినా దొరుకుతారు కదా అన్నాను, వేళాకోళానికి. నా నాలుక మీద పుట్టుమచ్చ ఉందేమో, వారం తిరక్కుండానే కంపెనీకీ అదే తోచింది.

వచ్చినావిడ పేరు ఇషిత. గుర్‌గావ్‌లో పెద్ద విల్లా, ఇంట్లో పనివాళ్ళకి వేరే లిఫ్టు. అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి వచ్చిన తెలుగువాళ్ళే, ఈవిడ ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. ఆవిణ్ణి పనిమనిషి అనలేదు, కన్సల్టెంటు అన్నారు. ఆవిడ కోసం పైదేశం కాఫీ మిషను తెప్పించారు. కెమెరా కట్టుకుని, ఫోనులో ఎవరితోనో మాట్లాడుకుంటూ నడిచి వచ్చి, పసుపు టోపీ కాలు తొక్కి, అదే మాట మధ్యలో వెళ్ళిపోయింది. మొదటిసారే. ఏ పెరేడూ అక్కర్లేకపోయింది. తన దేశానికి తిరిగెళ్ళి అక్కణ్ణుంచి తెర మీద చూస్తున్న దొరసానమ్మ "సహజంగా ఉంది" అని మెచ్చుకుంది. నీలం టోపీల దేశానికీ ఈవిడ విల్లాకీ మధ్య ఏ సముద్రమూ లేదని నాకప్పుడు అర్థమైంది. సముద్రమంతా ఈవిడ లిఫ్టుకీ పనివాళ్ళ లిఫ్టుకీ మధ్యే ఉంది.

ఇషిత తొక్కిన ఆ పసుపు టోపీ కమలాకుమారి గారిది.

అవును. ఆవిడ ఉద్యోగం పోలేదు. మారింది. తొక్కడం చేతకాదు కాబట్టి తొక్కించుకోవడానికి ఉంచారు. జీతం అదే. భవ్యశ్రీ చదువుకి ఢోకా లేదు. "ఇంతకన్నా తేలిక పని ఏ దేశంలోనూ ఉండదాంటీ, ఊరికే నిలబడటమే," అన్నాడట వరప్రసాద్, కళ్ళల్లోకి చూడకుండా. ఆవిడా సరేనంది. ఏమంటుంది? పిల్లకింకా రెండేళ్ళ చదువుంది.

మొదటిసారి ఇషిత తొక్కి వెళ్ళినప్పుడు ఆవిడ నోట్లోంచి దానంతటదే ఒక మాట వచ్చింది. "ఫర్వాలేదమ్మా." ఇషిత సారీ చెప్పలేదు, ఆగలేదు. అయినా ఈవిడ ఫర్వాలేదంది. కాలు తొక్కినవాళ్ళకి ఇబ్బందిగా ఉండకూడదని మనవాళ్ళు ముందుగా అనేస్తారే, అలా.

తెర మీది దొరసానమ్మ కుర్చీలోంచి ముందుకి వంగింది. "ఏమంది? ఏమంది?" అని అడిగి, అర్థం తెలుసుకుని పొంగిపోయింది. ఇదీ తమకి కావలసింది అంది. ఇన్నాళ్ళూ తొక్కేవాళ్ళకే నేర్పుతున్నాం, తొక్కబడేవాళ్ళు ఇలా అంటే ఇక ఆగనక్కర్లేదని యంత్రానికి తెలుస్తుంది, పని వేగంగా సాగుతుంది. ఆ మాట ఇంకా కొన్నిసార్లు కావాలి. కొంచెం గట్టిగా, చిరునవ్వుతో.

వరప్రసాద్ మైకు తెచ్చి ఆవిడ కొంగుకి తగిలించాడు. ఇషిత వెనక్కి వెళ్ళి మళ్ళీ నడిచి వచ్చింది. తొక్కింది. కమలాకుమారి గారు నోరు తెరిచింది. మాట రాలేదు.

"చెప్పండాంటీ. ఇందాక అన్నారుగా. అదే మాట."

ఇషిత మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే కాలు, అదే వేళ్ళు. మాట రాలేదు. గొంతు ఎండిందేమోనని నీళ్ళిచ్చారు. నీళ్ళు తాగింది. నవ్వడానికి ప్రయత్నించింది. ఇషిత మళ్ళీ వచ్చి, ఈసారి విసుగులో కాస్త గట్టిగానే తొక్కింది.

"నొప్పిగా ఉందమ్మా," అంది కమలాకుమారి గారు.

ఇషిత మొదటిసారి కిందికి చూసింది. తర్వాత వరప్రసాద్ వైపు తిరిగి, "ఇది స్క్రిప్టులో ఉందా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"స్క్రిప్టులో లేదమ్మా," అంది కమలాకుమారి గారు. ఆ ఇంగ్లీషు మాత్రం ఆవిడకి అర్థమైంది. "నా కాల్లో ఉంది."

"అది కట్ చేసేద్దామాంటీ," అని వరప్రసాద్ బతిమాలాడు. "ఇంకొక్కసారి ఫర్వాలేదనండి చాలు. ఒక్కసారి. నేను మీ కొడుకులాంటోడిని."

"ఫర్వాలేదనడానికి ఏమీ లేదు బాబూ, నొప్పెట్టింది," అని ఆవిడ మైకు విప్పి అతని చేతిలో పెట్టింది. టోపీ కూడా తీసి ఇచ్చింది. ఎవరూ ఆపలేదు. ఆపితే మళ్ళీ ఏమంటుందోనని భయపడి ఉంటారు.

ఆ సాయంత్రం నేను పైన అప్పారావు గారితో కూర్చుని ఉండగా ఆవిడ కుంటుకుంటూ వచ్చింది. చెప్పులు విప్పలేక గుమ్మంలోనే కూర్చుని, జరిగిందంతా చెప్పింది. చెప్పి, తలొంచుకుని ఆయన అరుపు కోసం ఎదురుచూసింది. పని పోయినట్టే. రేపు పిల్లకి ఏం చెప్పాలో తెలియదు.

అప్పారావు గారు లేచారు. లోపలికి వెళ్ళి బేసినులో గోరువెచ్చటి నీళ్ళు పోసి, గుప్పెడు ఉప్పు వేసి తెచ్చారు. ఆ లావుపాటి మనిషి మోకాళ్ళు పట్టుకుంటూ కింద కూర్చుని, ఆవిడ చెప్పు తీసి, వాచిన కాలు తన ఒళ్ళోకి తీసుకున్నారు.

"అయ్యయ్యో, ఏటిది! సుభద్రమ్మగారు చూస్తన్నారు. నా కాలు మీరు ముట్టుకోడం ఏటి, పాపం!" అని ఆవిడ వెనక్కి లాక్కోబోయింది.

ఆయన వదల్లేదు. "పిల్ల చదువు సంగతి నేను చూస్తాను. నా డ్యూటీ నేను వెతుక్కుంటాను," అన్నారు. అని, ఒక్కొక్క వేలూ మెల్లగా ఒత్తుతూ, "నొప్పన్నావు కదా. ఎక్కడ?" అని అడిగారు.